తొట్టికి పెట్టిన ఎర్రపట్టె

నా చదువు ఐదో తరగతితో సరి. బడికీ నాకూ గొడవేమీ జరగలేదు. ధర్మవరంలో మా నాయన పట్టు ఉడకబెట్టే బానల దగ్గర చేతులు చాలలేదు. ఇంట్లో పలక పట్టుకుని ఊరికే ఉన్న చేతులు నావి కనబడ్డాయి. అందుకే ఎవరైనా "నువ్వు యాసిడ్ ఫ్యాక్టరీలో పనిచేశావట గదా, ఏం చదువుకున్నావు?" అని అడిగితే "మురికి వదిలించడం" అంటాను. అందులో అబద్ధం లేదు. పట్టుకు పట్టిన జిగురు వదిలించడం ధర్మవరంలో నేర్చుకున్నాను, రాతికి పట్టిన తుప్పు వదిలించడం హిందూపురంలో.

మా నాయన దగ్గరకు వచ్చే పచ్చి పట్టు చూస్తే అది పట్టని ఎవరూ అనుకోరు. ఎండుగడ్డిలా బిరుసుగా, పసుప్పచ్చగా ఉండేది. సబ్బునీళ్ళలో ఉడికించి, జాడించి, మళ్ళీ ఉడికించి జాడించి, చిలపలను, అంటే పట్టుదారపు చుట్టలను, దండెం మీద ఆరేసేవాళ్ళం. రంగు వేయడానికి ముందు నాయన ఒక్కో చిలపనూ పొద్దుటి వెలుగులోకి పట్టి చూసేవాడు. "ఇంకా తెల్లబడల్యా, మళ్ళా వెయ్" అనేవాడు. నా కంటికి అది తెల్లగానే ఉండేది. కొన్నేళ్ళకు నా కంటికీ తెల్లగా ఉండేది కాదు. తెలుపంటే ఒకటి కాదని అప్పుడు తెలిసింది. పాల తెలుపు వేరు, మజ్జిగ తెలుపు వేరు, ఉతికీ ఉతకనట్టు వదిలేసిన పంచె తెలుపు వేరు.

పెళ్ళయి హిందూపురం వచ్చాక ఆ కంటికి పని లేకుండా పోయింది. శనక్కాయలు వలిచే కొట్టులో కూర్చున్నాను. అక్కడ కన్నుతో పని లేదు, గోళ్ళుంటే చాలు. నా గోళ్ళు అరిగిపోయే దశకు వచ్చేసరికి, లేపాక్షి పోయే దారిలో ముగ్గురాయి గిర్నీ ఒకటి మొదలైంది.

ముగ్గురాయి మన ఆడవాళ్ళకు కొత్త కాదు. దంచి ముగ్గు పెట్టుకుంటాం. కానీ అది పెయింట్లలోకి పోతుందని, దానికోసం మద్రాసు నుంచి మనుషులు కోట్లు వేసుకుని వస్తారని నాకు అప్పటిదాకా తెలియదు. తాడిపత్రి వైపు గనుల నుంచి లారీల్లో రాయి వచ్చేది. తెల్ల రాయి వస్తే సంతోషం, నలగ్గొట్టి మూట కట్టడమే. కానీ గిర్నీ యజమానికి దొరికింది చాలావరకు ఎర్రజీర ఉన్న రాయి. అక్కడక్కడా గోధుమరంగు, అక్కడక్కడా గులాబి. అది నూనె బావులు తవ్వేవాళ్ళకు పనికొస్తుంది, భూమిలోకి దించే బురదకు రంగుతో పనేముంది? పెయింటు వాళ్ళకు మాత్రం పనికిరాదు. రాతిలోని ఎరుపు ఇనుము తుప్పు. దాన్ని యాసిడ్‌తో తీసేస్తే ఎంత ఎర్ర రాయైనా తెల్లబడుతుందని ఎవరో చెప్పగా, యజమాని గిర్నీ వెనక తొట్లు కట్టించాడు. కృష్ణా జిల్లా వైపు నుంచి ఒక కెమిస్టును తెచ్చాడు. కడగడానికి ఆడవాళ్ళను పిలిచాడు. కడగడమంటే ఏమిటో తెలిసినదాన్నని నన్ను వాళ్ళకు మేస్త్రీని చేశాడు. ఆడమేస్త్రీ అంటే ఊళ్ళో నవ్వారు. వాళ్ళకంటే ముందు నేనే నవ్వాను కాబట్టి ఆ నవ్వు ఎక్కువ దూరం పోలేదు.

కెమిస్టు సారు కుర్రాడు, సన్నగా ఉండేవాడు, అందరినీ "అండీ" అనేవాడు. మమ్మల్ని "ఏవండీ" అని పిలిస్తే, ఎవరో పెద్దమనుషులు వచ్చారేమోనని వెనక్కి తిరిగి చూసేవాళ్ళం. ఆయన బకెట్టుకు తగులుకుంటే దానికి కూడా "సారీ అండి" చెప్తాడని నేను పుకారు పుట్టించాను. ఆయన విన్నాడు. మరుసటి రోజు నేను చూస్తుండగా కావాలని బకెట్టుకు తగిలి, దానికి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ రోజునుంచి ఆయనంటే మాకు గౌరవం.

పని ఇలా జరిగేది. రాయిని గిర్నీలో మెత్తగా పిండి చేసి నీళ్ళతో కలిపి, సీసం రేకు పరిచిన పెద్ద చెక్క తొట్టిలో పోసేవాళ్ళు. ఆ నీళ్ళలోకి సారు దగ్గరుండి యాసిడ్ పోయించేవాడు. యాసిడ్ గడ్డి చుట్టిన గాజు జాడీల్లో బెంగళూరు నుంచి గూడ్సు బండిలో వచ్చేది. నీళ్ళలోకే యాసిడ్ పోయాలిగానీ, యాసిడ్‌లోకి నీళ్ళు పోస్తే మొహం మీదికి ఎగురుతుందని సారు రోజూ చెప్పేవాడు. బాయిలరు నుంచి వేడి ఆవిరి గొట్టం గుండా తొట్టిలోకి వచ్చి అడుగునుంచి గుబగుబలాడించేది. తుప్పంతా యాసిడ్ నీళ్ళలో కరిగి, ఆ నీళ్ళు పసుప్పచ్చగా మారేవి. ముగ్గురాయిని మాత్రం యాసిడ్ ముట్టుకోదు. అది బరువుగా, మొండిగా అడుక్కు దిగి కూర్చునేది. పైనీళ్ళు సున్నపు గుంతలోకి వదిలి, ఆ తెల్ల బురదను మా చేతికి ఇచ్చేవాళ్ళు. వరుసగా ఇటుకలతో కట్టిన తొట్లు మావి. మొదటి తొట్టిలో నీళ్ళు పోసి చెక్క తెడ్లతో కలిపి, పిండి అడుక్కు దిగాక నీళ్ళు వంపి, తర్వాతి తొట్టికి పంపి, అలా చివరి తొట్టిదాకా. పులుపు పోయేంతవరకూ కడగాలి. పులుపు మిగిలితే పెయింటు చెడుతుంది. మా చీరలకు ఆ సంగతి ముందే తెలుసు. యాసిడ్ తుంపరలు పడి అవి జల్లెడలైపోయాయి. మేం బజారుకు పోతే "ఏమక్కా, పిండి జల్లించుకోను తీస్కపోతాండావా?" అని అడిగేవాళ్ళు.

ఇంత చేసినా మా పిండి తెల్లబడలేదు.

మరీ ఎర్రగా ఏమీ లేదు. మామూలు కంటికి తెలుపే. కానీ కాగితం మీద పోసి పక్కన మద్రాసు నమూనా పోస్తే, మా పిండికి లోపల ఎక్కడో సిగ్గుపడ్డట్టు ఒక ఎరుపు. సారు యాసిడ్ మార్చాడు. నీళ్ళు వేరే బావి నుంచి తెప్పించాడు. ఇనుప గరిటె ఎవరైనా ముంచుతున్నారేమోనని కాపలా కాశాడు. కళ్ళు లోపలికి పోయాయి పాపం. యజమానికీ ఓపిక అయిపోయింది. ఒకరోజు మమ్మల్నందరినీ నిలబెట్టి చెప్పాడు.

"సోమవారం మద్రాసు ఆయప్ప వస్తాండాడు. చూసి ఒప్పుకుంటే సరి. ల్యాకుంటే తొట్లు పగలగొట్టేస్తా. నూనె బావుల సరుకు చేసుకుంటే నాకు సారూ వద్దు, కడిగేదీ వద్దు."

నేను నా గోళ్ళకేసి చూసుకున్నాను. అవి అప్పుడప్పుడే మళ్ళీ పెరుగుతున్నాయి. తిరిగి శనక్కాయల కొట్టుకు పోవడమంటే కూలి సంగతి కాదు నాకు బాధ. మా నాయన కంటిచూపు నా కంట్లో ఉంది, దానికి ఒక పని దొరికింది, ఆ పని పోతుంది.

ఆ మధ్యాహ్నం సారు పరీక్ష పెట్టాడు. ఒక్కో తొట్టిలోని పిండి చిటికెడు తీసి, గాజు గొట్టంలో కొంచెం యాసిడ్‌తో కాచి, తన సీసాలోని మందు ఒక చుక్క వేసేవాడు. ఇనుము ఉంటే ఆ చుక్క రక్తంలా ఎర్రబడుతుంది. మొదటి తొట్టి పిండికి ఏమీ కాలేదు. రెండోదానికి లీలగా. చివరి తొట్టి పిండికి మాత్రం గొట్టమంతా ఎర్రగా అయింది.

"ఇదేం విచిత్రమండీ," అన్నాడు సారు. "కడిగేకొద్దీ ఇనుము పెరుగుతోందేంటండీ?"

"మేము బాగా కడుగుతాండాం సారూ, అందుకే," అన్నాను. నవ్వించాలని కాదు, నోటి అలవాటు.

ఆయన నవ్వలేదు. నా కాళ్ళకేసి చూస్తూ ఉండిపోయాడు. ఆడదాని కాళ్ళకేసి అలా చూసే మనిషి కాదే అని నేనూ వంగి చూసుకున్నాను. నా చీర కుచ్చిళ్ళ ముందు భాగమంతా ఎర్రటి చార. పక్కదాని చీరకూ అంతే. చివరి తొట్టి దగ్గర పనిచేసేవాళ్ళందరికీ, తొట్టి అంచుకు ఆనుకుని తెడ్డు తిప్పేచోట, పారాణి పెట్టినట్టు ఎరుపు.

తొట్టి అంచుకేసి ఇద్దరం ఒకేసారి చూశాం.

ఆయుధపూజ నాడు యజమాని తల్లి, మేం అవ్వా అని పిలిచే పెద్దావిడ, తొట్లకు పూజ చేసింది. గడపకు చేసినట్టే ఎర్రమన్ను కలిపి తొట్టి అంచులకు పట్టెలు తీర్చి, మధ్యలో ముగ్గు పెట్టింది. మొదటి తొట్టి దగ్గర మన్ను కొంచెమే పట్టింది. చివరికి వచ్చేసరికి గిన్నెలో మిగిలిందంతా పూసేసింది, లోపలికి జానెడు దిగేట్టు. "తెల్ల సరుకు బండెక్కి పొయ్యేదాకా ఎర్రపట్టె చెదరకూడదు" అని మొక్కుకుంది. నీళ్ళు తగిలే చోటు చెదరకుండా ఎలా ఉంటుంది? అందుకే ప్రతి శుక్రవారం మళ్ళీ పూయడం. ఆవిడ పెనుకొండలో తమ్ముడి ఇంటికి పోతూ ఆ పని మాకు అప్పజెప్పింది. మేమూ భక్తిగా పూశాం. ముందు తొట్టిలో యాసిడ్ పోసి తుప్పును తరిమేది మేమే. వెనక తొట్టి దగ్గర పసుపు కుంకుమలతో దాన్ని పిలిచి కూర్చోబెట్టేదీ మేమే. ఇలాంటి పని మద్రాసు వాళ్ళు తలకిందులుగా నిలబడినా చేయలేరు.

సారు ఆ పట్టెను గోటితో గీకి గొట్టంలో వేసి కాచి, చుక్క వేశాడు. నల్లగా కనబడేంత ఎరుపు తేలింది.

ఇంతటితో అయిపోయిందనుకున్నాం. యజమాని దగ్గరకు పోయి, పట్టెలు గీకేయమంటే, ఆయన తెల్లబోయాడు. ఆ మొహం తెలుపు పిండికి ఉన్నా బాగుండేది.

"మా అమ్మ మొక్కినదాన్ని గీకేదా? నేను చెప్పలేను. మీరు గీకద్దండి. ఆమె పూసింది, ఆమే తియ్యాల."

"అయితే పిలిపించండి సార్," అన్నాడు కెమిస్టు.

"పిలిపిచ్చి ఏమని చెప్పేది? నీ మొక్కు వల్లే సరుకు చెడిందని చెప్పేదా? నువ్వు చెప్తావా?"

సారు "అండీ" అని ఆగిపోయాడు. ఆ తర్వాత ఇద్దరూ నాకేసి చూశారు. నాకు నోరు ఎక్కువని అందరూ అనేవాళ్ళు, అది ఎప్పుడో ఒకరోజు అక్కరకొస్తుందని మాత్రం ఎవరూ అనలేదు.

మర్నాడు పొద్దున పాసింజరు బండి ఎక్కాను. మొదటి తొట్టి పిండి ఒక పొట్లం, చివరి తొట్టి పిండి ఒక పొట్లం, రెండూ ఒళ్ళో. ఇంజను నుంచి బొగ్గు నుసి కిటికీలోంచి వచ్చి మీద పడుతూంటే, పొట్లాల మీద కొంగు కప్పి, చంటిపిల్లలను పట్టుకున్నట్టు పట్టుకున్నాను. ఎదురుగా కూర్చున్న ఒకామె "కవలలా?" అంది. "ఔనక్కా, ఒకటి కొంచెం ఎర్రగా పుట్టింది" అన్నాను.

పెనుకొండలో కోట గోడకు దగ్గరగా ఉన్న ఇల్లు. అవ్వ వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి కళ్ళు చికిలించింది.

"ఏమే, మా తొట్లకాడ పిల్లవి గదా? ఈడికెందుకొచ్చినావు? నా కొడుకు బాగుండాడా?"

"బాగుండాడవ్వా. నిన్ను తలచుకొని భయపడేంత బాగుండాడు."

"ఏం జేసినాడు వాడు?"

"ఆయప్పేమీ చెయ్యల్యా. అవ్వా, నీ వాకిట్లో ఒక ముగ్గు ఏసుకోనా?"

"పొద్దున్నే ఏసిండారు, కనబడల్యా?"

"చిన్నది. ఒక మూలకు."

ఆమె ముగ్గులంటే ఊరంతటికీ తెలిసిన చేయి. వద్దనలేకపోయింది. నేను చెంబుతో నీళ్ళు చల్లి, నేల నల్లగా తడిశాక, ఒకే ముగ్గును ఎడమవైపు సగం ఒక పొట్లంతో, కుడివైపు సగం ఇంకో పొట్లంతో వేశాను. లేచి పక్కకు జరిగాను. అవ్వ చింతపండు వదిలేసి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"చెయ్యి పర్వాల్యా. ఎడమ పక్క మల్లెపూలట్ల ఉండాది. కుడి పక్క ఎవుర్దే ఆ పిండి? కందిపప్పు కడిగిన నీళ్ళలో ముంచినట్ల ఉండాది."

"రెండూ మనదేనవ్వా. ఒకే రాయి, ఒకే గిర్నీ, ఒకే యాసిడ్."

"మరి ఇట్లెందుకుండాది?"

"ఎడమ పక్కది మొదటి తొట్టిది. కుడి పక్కది చివరి తొట్టిది. చివరి తొట్టికి నీ చెయ్యి బాగా తగిలింది."

ఆమెకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక మొహం గట్టిపడింది.

"అంటే నా మొక్కు తీసెయ్యమని చెప్పను వచ్చినావా? దేవుని పని నీకు నవ్వులాటగా ఉండాదా?"

వేళాకోళం పక్కనపెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను.

"నవ్వులాట కాదవ్వా. సోమవారం మద్రాసాయన వస్తాండాడు. పిండి ఈ కుడిపక్క మాదిరి ఉంటే నీ కొడుకు తొట్లు పగలగొట్టిస్తాడు. నేను మళ్ళా శనక్కాయలు వలుచుకోను పోవాల. రాతిలో ఉండే ఎరుపూ నువ్వు పూసే ఎరుపూ ఒకటేనంట, సారు మందేసి చూపిచ్చినాడు. మొక్కు తియ్యమని నేను అడగల్యా. దాన్ని యాడ పెట్టాల్నో నువ్వే చెప్పు."

అవ్వ వంగి ఎడమవైపు పిండి ఒక వేలికి, కుడివైపుది ఇంకో వేలికి అద్దుకుని, ఎండలోకి పట్టింది. మా నాయన చిలపను పట్టినట్టే పట్టింది. అప్పుడే నాకు ధైర్యం వచ్చింది. తెలుపును అలా చూసే మనిషి దాన్ని చెడగొట్టనివ్వదు.

"నేనేమి మొక్కినా?" అంది తనలో తాను. "సరుకు బండెక్కేదాకా ఎర్రపట్టె ఉండాలని. తొట్టికే ఉండాలని యాడ మొక్కినా? మొక్కల్యా." నా వైపు తిరిగింది. "మా తమ్మునింట్లో అన్నం తిని పా. సాయంత్రం బండికి ఇద్దరం పోదాం. అయినా ముగ్గు సరిగా కలపల్యా నువ్వు. ఆ చుక్క చూడు, వంకర."

హిందూపురంలో దిగి నేరుగా తొట్ల దగ్గరకే వచ్చింది. కొడుకు ఎదురొచ్చి కాళ్ళకు దణ్ణం పెట్టబోతే, "పక్కకు జరుగప్పా, ముందు ఇది కానీ" అని, కొబ్బరి పీచు తీసుకుని తానే అంచులు తోమింది. మేం నీళ్ళు పోశాం. చివరి తొట్టిని ఖాళీ చేసి, కడిగి, ఆరబెట్టాం. ఎర్రమన్ను కొత్తగా కలిపి, ఆ పట్టెను అవ్వ బాయిలరు గది గడపకు పూసింది. ఆ గదిలో ఎరుపుకు కొదవ లేదు, ఇంకొంచెం చేరితే పర్వాలేదు.

మిగిలిన యాసిడ్ ఒక్క పోతకే సరిపోతుంది. పాడైన పిండినే మళ్ళీ తొట్టిలో వేసి ఉడికించి, మళ్ళీ కడిగాం. తెడ్లు తిప్పేవాళ్ళందరం చీరలు మోకాళ్ళ పైకి దోపుకున్నాం, కుచ్చిళ్ళ మీద ఉన్న ఎరుపు కూడా లోపల పడకూడదని. చివరి తొట్టి పిండికి సారు చుక్క వేశాడు. అవ్వ గొట్టానికి మొహం ఆనించి చూసింది.

"ఏసినావా?"

"వేశానండి."

"ఏమీ కాల్యా?"

"ఏమీ కాకపోవడమే కావాలండి," అన్నాడు సారు. గొట్టాన్ని రెండు చేతులతో పట్టుకుని మళ్ళీ వెలుగులోకి ఎత్తి చూశాడు. ఆయన ఉద్యోగమూ ఆ తొట్లతోనే ఉందని అప్పుడుగానీ నాకు తోచలేదు.

సోమవారం మద్రాసాయన వచ్చాడు. పంచె మీద కోటు. మాట తక్కువ. ఒక గాజుపలక తీసి, మా పిండి కొంచెం అవిసెనూనెతో నూరి ఒకపక్క, తాను తెచ్చిన నమూనా అలాగే నూరి ఇంకోపక్క, కత్తితో పలుచగా లాగాడు. నూనెలో కలిస్తేనే తెలుపు నిజం చెబుతుందట. పొడిగా ఉన్నప్పుడు ప్రతి పిండీ తెల్లగానే కబుర్లు చెబుతుంది. పలకను నీడలో చూశాడు, ఎండలోకి తీసుకుపోయి చూశాడు, అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. మేం తెడ్లు పట్టుకుని బొమ్మల్లా నిలబడ్డాం. చివరికి ఆయన తలెత్తి, "నాది ఏ పక్క వేశానయ్యా?" అని సారును అడిగాడు.

సారు నాకేసి చూశాడు. నేను కనుబొమ్మ కుడిపక్కకు ఎగరేశాను.

"మీది కుడివైపుదండి," అన్నాడు సారు వినయంగా. "కొంచెం మాసినట్టుందండి."

అలాంటి మాట అప్పటిదాకా ఆయన నోట ఎవరూ వినలేదు. మా సావాసం అది. మద్రాసాయన పలక వెనక అంటించిన చీటీ తిప్పి చూసుకున్నాడు. ఆయనది కుడిపక్కదే. కొంచెంసేపు సారుకేసి చూసి పెద్దగా నవ్వాడు. యజమాని అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి ఎంత గట్టిగా వదిలాడంటే, పక్కన ఆరబెట్టిన పిండి లేచింది.

కొత్త యాసిడ్ జాడీలు వచ్చి, చలి మొదలయ్యే వేళకు మొదటి లోడు సిద్ధమైంది. మూటలు చూడ్డానికి చిన్నవే. ఎత్తబోయిన కొత్త కూలీ మాత్రం "ఏముందబ్బా ఇందులో, కొండనా?" అన్నాడు. మళ్ళీ తమ్ముడింటికి పోయిన అవ్వ పెనుకొండ నుంచి ఎర్రమన్ను గిన్నెతో వచ్చింది. లారీ బానెట్టుకు పట్టె, తలుపులకు పట్టె, చక్రాలకు పట్టె. డ్రైవరు "కొత్త పెయింటవ్వా" అని మొత్తుకుంటే, "ఆ పెయింట్లోకి పొయ్యేది మా పిండే, గమ్మునుండు" అంది.

మొక్కు తీరింది. సరుకు బండెక్కేదాకా గడప మీది పట్టె చెదరలేదు. లారీ పొలిమేర దాటేదాకా మేమందరం రోడ్డు మీదే నిలబడ్డాం. ఊళ్ళోకెల్లా తెల్లనిది లోపల, ఎర్రనిది బయట.

అవ్వ ఖాళీ గిన్నె నా చేతికిచ్చి, కళ్ళు చికిలించి నాకేసి చూసింది.

"ఏమే మేస్త్రీ, ఈ శుక్రవారం తొట్లకు ఏం పెడతావు?"

ఆవిడ నన్ను మేస్త్రీ అనడం అదే మొదలు.

"నీళ్ళు పెడతానవ్వా," అన్నాను. "శుభ్రంగా."